కాటా ఎక్కే ముందు ఒక్కపొద్దు

"తినిపో అంటాండా. ముద్ద చేసి మూత పెట్టిండేది ఎవురికప్పా? గోడకా?"

"అమ్మా, ఇడ్సిపెట్టు. రేపు పొద్దన మదనపల్లెలో పిల్లకాయలు కాటా ఎక్కి దిగినాక తింటాను."

"పిల్లకాయలు కాటా ఎక్కితే నీ కడుపు యాల మాడాల? నువ్వు గూడా నిక్కరేసుకోని ఆడేకి పోతాండావా? తల నెరిసినోడివి!"

"వాళ్ళు పస్తుండంగా నేను సంగటి తిని, చెయ్యి కడుక్కోని పోయి వాళ్ళ ఎదురుగా నిలబడాల్నా? ఏం మొగం పెట్టుకోని నిలబడేది?"

"వాళ్ళకు నీ మాదిరి షుగరుండాదా? కుప్పంలో పడింది నువ్వా, వాళ్ళా?"

"పడినాను. లేసినాను. ఇంకా యాల తవ్వుతావు దాన్ని?"

"లేసినావా? నలుగురు ఎత్తితే లేసినావు. ఆ మాట ఇంకోసారి నా నోట రానీయద్దు."

పొయ్యి కాడినుంచి కోడలు అందుకునింది. "చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయిందత్తా. నేను చెప్తే ఆయప్పకు గాలి, నువ్వు చెప్తే గాలివాన. అంతే తేడా. తడిసేది మాత్రం లేదు."

ఆయప్ప అంటే నా కొడుకు. పొద్దన మదనపల్లె టమోటా మండీలో పని. సాయంత్రం పుంగనూరులో ఆడపిల్లకాయలకు కబడ్డీ నేర్పించేది. మొదటి పని కడుపుకు. రెండోది దేనికో నాకు ఈ పొద్దుటికీ తెలీదు. దానికి జీతం లేదు, సెలవూ లేదు. పండగ రోజు కూడా గ్రౌండు కాడికి పోయి వస్తే గానీ ఇంట్లో నీళ్ళు పోసుకోడు. మండీలో తెల్లారుజామున నిలబడిన కాళ్ళు అవి, సాయంత్రం మళ్ళీ ఎర్రమట్టిలో నిలబడతాయి. పిల్లకాయలు ఉత్తకాళ్ళతో ఆడతారు గాబట్టి తానూ చెప్పులు గట్టున ఇడ్సి దిగుతాడు. అట్ల దిగినప్పుడే ఎడమకాలికి తుమ్మముల్లు దిగింది. ముల్లు ఆ పొద్దే తీసినారు. పుండు మాత్రం మానలేదు. గుడ్డ కట్టుకోని పోతాడు, గుడ్డ మట్టిగా వస్తాది, నేను ఉడకబెట్టి ఆరేస్తాను. చింపి పారేసేదానికి మా ఇంట్లో గుడ్డలు అన్ని లేవు.

కబడ్డీ పోటీలకు బరువు లెక్క ఉంటాదని నాకు మొదట్లో తెలీదు. ఇంత బరువు దాటిన పిల్లను ఆడనియ్యరంట. ఆటకు ముందర కాటా మీద నిలబెట్టి చూస్తారు. నాలుగు గింజల బరువు ఎక్కువున్నా పక్కకు నెట్టేస్తారు. అందుకని కాటా ఎక్కే ముందు రోజు పిల్లకాయలు ఏమీ తినరు, నీళ్ళు కూడా గొంతు తడుపుకునేదానికే. ఈ సంగతి విన్న పొద్దు నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెలీలేదు. మా చిన్నప్పుడు లేక తినలేదు. వాన రాని ఏడు మా అమ్మ రాగిపిండిని నీళ్ళలో కలిపి జావ కాచి, గిన్నె అడుగు గీరి మా చేతుల్లో పెట్టేది. ఇప్పుడు గంపలో రాగులుండంగా, పాడి ఆవుండంగా, పని కట్టుకోని పస్తుంటాండారు. ఆట కోసరం.

ఆ పిల్లకాయల ఇండ్లవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఎదిగే బిడ్డను మాడ్చేదేంది అన్యారు. వాళ్ళకు ఎట్ల చెప్పాల్నో తెలీక నా కొడుకు ఒక మాటన్యాడు. "ఒక్కపొద్దు అనుకోండి." శనివారం ఒక్కపొద్దు, గంగమ్మ జాతరకు ఒక్కపొద్దు, ఇండ్లలో వాళ్ళకు అలవాటుండేదే. వాళ్ళకు ఆ మాట అర్థమైంది. అయితే మా పక్క ఒక పద్ధతుండాది. ఒకరిని ఒక్కపొద్దు పట్టమని చెప్పినోళ్ళు ముందర తాము పట్టాల. తాము తిని ఇంకొకరిని పస్తు పెడితే ఆ మొక్కు చెల్లదు. చౌడేపల్లె పక్క గొర్రెలు కాసే ఇంటి పిల్ల ఒకతె ఉండాది, ఆటలో గట్టిది, ఒంట్లోనూ గట్టిది. ఆ పిల్ల తాత మా ఇంటి అరుగు మీద కూర్చోని అడిగినాడు.

"మా పాప ఒక్కపొద్దుంటాది సారూ. నువ్వో?"

"నేనూ ఉంటాను పెద్దాయనా" అన్యాడు నా కొడుకు.

"అట్లయితే సరే" అని పైగుడ్డ దులుపుకోని లేసినాడు ఆ ముసలాయన. నేను లోపల్నుంచి ఇన్యాను. అప్పటికే నా కొడుక్కు షుగరుండాది, మాత్ర ఉండాది. "ఏం మాటప్పా అది?" అని అడిగితే, "వాళ్ళ బిడ్డను నా మీద నమ్మకంతో పంపిస్తాండారు, ఈ మాత్రం లేకపోతే ఎట్ల?" అన్యాడు. నేను ఇంకో మాట చెప్పినాను. మాత్ర మాత్రం ఏ పొద్దూ తప్పగూడదు, నా మీద ఒట్టు అన్యాను. సరేమ్మా అని నా తల మీద చెయ్యి పెట్టినాడు.

కుప్పానికి పోయింది చలికాలం చివర్లో. ఆడపిల్లకాయల్ను ఊరు దాటించాలంటే వెంట పెద్దాడది ఉండాల. కోడలికి ఆవు పని ఇడిసే వీల్లేదు. బడిలో ఆటల టీచరు ఉండాడు గానీ ఆయన నేరుగా బండిలో వచ్చి సంతకం పెట్టే మనిషి. అందుకని నన్నే తీసకపోయినారు. నేను రాగిసంగటి ముద్దలు చేసి, నంజుకునేదానికి ఊరుబిండి నూరి, పాత చీరగుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకున్యాను. కాటా దిగిన వెంటనే పిల్లకాయలు తినేదానికి. ఆడ కొనేదేంది, ఇంటి తిండి ఉండంగా.

పలమనేరులో బస్సు మారినాము. పిల్లకాయలు ముందర సీట్లలో తలలు ఒకదానిమీదొకటి ఆనించి పడుకోనుండారు. చౌడేపల్లె పిల్ల నా పక్కన కూర్చోనింది.

"అవ్వా, ఆ మూటలో ఊరుబిండి వాసన వస్తాండాది. మూట అట్ల తిప్పుకో. నోట్లో నీళ్ళూరితే అవి గూడా బరువే."

"ఊరితే ఉమ్మి" అన్యాను.

"ఉమ్మతానే ఉండా. సారు గూడా ఉమ్మతాండాడు సూడు, కాటా ఎక్కేవాడి మాదిరి."

పిల్లకాయలు నవ్వినారు. నా కొడుకు గూడా నవ్వినాడు. వాడు నవ్వితే దవడ ఎముకలు బయటికి వచ్చినాయి. ఆ పొద్దు బస్సు వెలుతురులో చూసినాను, ఎంత ఇంకిపోయినాడో. ఇంట్లో రోజూ చూసేదాన్ని గాబట్టి కనపడలేదు.

ఆడ కుప్పంలో బడి వరండాలో కాటా పెట్టినారు. మా పిల్లకాయలు ఒకరెనక ఒకరు ఎక్కినారు. ముగ్గురు బరువు లెక్క దాటినారు. చౌడేపల్లె పిల్ల అందరికన్నా ఎక్కువ దాటింది. నా కొడుకు కాటా కాడికి ఉరికినాడు.

"లేదు సార్, చూసుకోనే వచ్చినాము. అందరూ లెక్క లోపలే ఉండారు. ఇంకోసారి చూడండి."

"కాటా సరిగ్గానే ఉండాది. మీరు యాడ చూసినారు?" అన్యాడు ఆ కాటా కాడ కూర్చోనుండే ఆయన.

యాడ చూసినారంటే, పుంగనూరులో చింతపండు కొనే అంగట్లో. ఆ అంగడాయన మంచోడు, సాయంత్రం షట్టరు సగం దించి పిల్లకాయల్ను ఊరికే తూచనిస్తాడు. అయితే అది కొనే కాటా. రైతు మూట పెడితే తక్కువ చూపించేదానికని దాన్ని సర్దిపెట్టిండారు. మేమూ చింతపండు అమ్మినాము, మాకూ తెలుసు, ఊరికంతా తెలుసు. తెలిసి అమ్ముతాము, వేరే దారి లేక. అయితే మూటకు తక్కువ చూపించే కాటా మనిషికి కూడా తక్కువ చూపిస్తాదని మా ఇంట్లో ఒకరికీ తోచలేదు. మండీలో రోజూ పెట్టెలు తూచేవాడికి తోచలేదు. నేనూ ఆ అంగట్లో మెట్టు మీద కూర్చోని చూసినదాన్నే, పిల్లకాయలు తేలిగ్గా దిగుతాంటే మంచిదే అనుకున్యాను.

మధ్యాన్నం ఇంకోసారి చూస్తామన్యారు. అంతవరకు ఆ ముగ్గురు పిల్లకాయలు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కోని ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తాల, చెమట కారేదాకా. తక్కిన పిల్లకాయలు తమ స్వెట్టర్లు ఇప్పి ఇచ్చినారు. వాళ్ళకు బరువు సరిపోయింది, తినచ్చు. నేను మూట ఇప్పినాను. ఒక్కతె గూడా చెయ్యి పెట్టలేదు. "వాళ్ళు కాటా ఎక్కినాక అందరం తింటాము అవ్వా" అన్యారు. నేను మళ్ళా మూట కట్టినాను. కట్టి, ఒళ్ళో పెట్టుకోని వేపచెట్టు కింద కూర్చున్యాను. అంత తిండి ఒళ్ళో పెట్టుకోని ఆకలిగొన్న పిల్లకాయల ముందర కూర్చునేది నా జన్మలో అదే మొదలు.

నా కొడుకు చొక్కా గుండీలు ఇప్పుకోని వాళ్ళతో పరిగెత్తినాడు.

"నువ్వు యాల సార్?" అనింది చౌడేపల్లె పిల్ల.

"నువ్వు నిలబడకుండా చూసేదానికి" అన్యాడు. "పరిగెత్తు. మాట్లాడితే బరువు తగ్గదు."

ఆ పొద్దు ఇల్లు కదిలేముందు వాడు మాత్ర మింగినాడు. నేనే నీళ్ళు అందించినాను. నాకిచ్చిన మాట నిలబెట్టుకున్యాడు, ఆ ముసలాయనకిచ్చిన మాటా నిలబెట్టుకున్యాడు. రెండూ ఒకే కడుపులో పడినాయి.

గోలుపోస్టు కాడ మలుపు తిరిగేటప్పుడు వాడి నడక తేడాగా ఉండాదని చూసినాను. తాగినోడి మాదిరి కాళ్ళు యాడ పెడతాండాడో తెలీకుండా పెట్టినాడు. లేద్దామని నేను మూట కింద పెట్టేలోపల పడిపోయినాడు. ఎండలో కూడా ఒళ్ళు చల్లగా ఉండాది, చెమట మాత్రం నీళ్ళు పోసినట్ల. నేను ముద్ద తుంచి నోట్లో పెట్టబోతే, ఎవరో నా చెయ్యి పట్టుకోని "వద్దమ్మా, గొంతులో అడ్డం పడతాది" అన్యారు. ఎత్తుకోని ఆటోలో వేసినారు.

ఆసుపత్రిలో చెయ్యికి సూది పెట్టి సీసా ఎక్కించినారు. కండ్లు తెరిచినాక వాడు అడిగిన మొదటి మాట, "బరువు సరిపోయిందా?"

సరిపోయింది. చౌడేపల్లె పిల్ల కాటా ఎక్కి, సరిపోయి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునే లోపల ఆట మొదలైందంట. కూతకు పోయి గీత కాడనే ఊపిరి అందక కూర్చుండిపోయింది. మొదటి ఆటలోనే ఓడిపోయినారు. గ్రౌండు కాడ నిలబడిండేది సంతకం పెట్టే టీచరు. ఆయన ఫోటో దిగి పోయినాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. నాకు అర్థమయ్యేటట్ల నిదానంగా చెప్పింది. "అమ్మా, ఈ మాత్ర వేసుకుంటే తినాల. తినకుండా వేసుకుంటే ఇట్లే పడిపోతాడు. పస్తులు మానేయమనండి. కాలు పుండు కూడా చూపించుకోమనండి, ఇట్లే ఇడిసిపెడితే కాలే తీయాల్సి వస్తాది." నా కొడుకు పక్క మీద పడుకోనే ఇన్యాడు. తల ఊపినాడు. ఏ మాటకు ఊపినాడో నాకు అప్పుడు తెలీలేదు.

ఇంటికొచ్చినాక వాడు గోడ పక్కకు తిరిగి పడుకునేది మొదలైంది. మండీకి పోతాడు, వస్తాడు, ఎవురితోనూ మాట్లాడడు. ఓడిపోయింది పిల్లకాయలు కాదు, తానే అన్నట్ల. కోడలు ఒకనాడు "నీకు ఇద్దరు బిడ్డలుండారు, గుర్తుండాదా?" అనింది. "గుర్తుండాది" అన్యాడు. అంతే. ఆ మాట తప్ప ఇంకో మాట వస్తాదేమోనని ఆయమ్మ వాకిట్లో చాలాసేపు చాట చేతిలో పట్టుకోని నిలబడింది.

నేను అనుకున్యాను, ఇంక మానేస్తాడులే అని. వారం తిరక్కుండానే గ్రౌండుకు పోయినాడు. పోయి వచ్చిన పొద్దు మొగంలో కొంచెం నెత్తురు కనపడింది. అదే నాకు ఎక్కువ భయం పెట్టింది. వాడిని మాడ్చేదీ అదే, వాడికి ఊపిరి పోసేదీ అదే. ఇంక మాన్పించేదెట్ల?

ఇప్పుడు మదనపల్లెలో పోటీలు. దగ్గరే గాబట్టి ఈసారి నన్ను వెంట రమ్మనలేదు. ఈసారి సర్కారు ఆసుపత్రి కాటా మీద చూసినారు. చౌడేపల్లె పిల్ల కొంచెం దాటే ఉండాది. మళ్ళా ఒక్కపొద్దు.

అందుకే ఆ సందేళ ఆ గొడవ. కోడలు పొయ్యి ఆర్పి వచ్చి గడప మీద కూర్చునింది. నేను సంగటి గిన్నె వాడి ముందర పెట్టి మూత తీసినాను. పక్కనే మాత్రల పట్టీ పెట్టినాను.

"అప్పా, నేనొకటి అడుగుతా. దాచకుండా చెప్పు. ఆ పిల్లకాయలు ఏ పొద్దన్నా గెలిచినారా?"

"లేదు."

"గెలుస్తారా?"

వాడు కాలి గుడ్డ ముడి సర్దుకున్యాడు. "పెద్ద ఊర్ల జట్లకు మ్యాటు ఉండాది, బూట్లుండాయి, గుడ్లు పెడతారు. మాకు మట్టి. గెలవరమ్మా."

"మరి యాల?"

"ఆడకపోతే ఆ పిల్ల రేపట్నుంచి గొర్రెల యెనక పోతాది. ఆడినా ఇంకో రెండేండ్లకు పోతాది. నాకు తెలుసు." వాడు గిన్నె పక్క చూడలేదు. "కూతకు పోయి గీత తొక్కి తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల మొగం చూసినావా నువ్వు? ఆ మొగం మన ఇంట్లో ఎవురికీ లేదు. నాకూ లేదు."

"దానికి నువ్వు సచ్చిపోవాల్నా?"

"సచ్చిపోతానని ఎవురన్యారు?"

"డాక్టరమ్మ అనింది. నీ చెవులు యాడ పెట్టుకోని ఇన్యావు?"

"ఆయమ్మ ఏమనింది? తినకుండా మాత్ర వేసుకుంటే పడిపోతావు అనింది. అంతే గదా?"

"ఆ. అందుకే తిను."

వాడు సంగటి వైపు చూసినాడు, మాత్రల వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు అట్ల చూసేవాడు, సరైందే చెప్తాండానా అన్నట్ల.

"పిల్లకాయలకు సర్దిచెప్తాలే" అన్యాడు. "నువ్వు పడుకో."

ఆ మాట పట్టుకోని నేను పడుకున్యాను. తింటాడనే అనుకున్యాను. కోడలు కూడా అట్లే అనుకునింది. "ఇని ఇనకముందే ఒప్పుకున్యాడే, వానొస్తాదేమో" అని నవ్వింది. చానా రోజులకు నవ్వింది ఆ బిడ్డ.

తెల్లారి ఆవు అరుపుకు లేసినాను. వాడి పక్క మడిచి పెట్టిండాది. చెప్పులు వాకిట్లోనే ఉండాయి. ఉడకబెట్టి ఆరేసిన గుడ్డ తీగ మీద లేదు, కాలికి కట్టుకోని పోయినాడు. మొదటి బస్సుకు పిల్లకాయల్ను ఎక్కించుకోని మదనపల్లెకు పోయినాడని పాలు పిండుకోని వచ్చిన కోడలు చెప్పింది.

సంగటి గిన్నె మీద మూత పెట్టినట్లే ఉండాది. పక్కన మాత్రల పట్టీ పెట్టినచోటనే ఉండాది, ఒక్కటి గూడా తియ్యలేదు. డాక్టరమ్మ మాటను వాడు అట్ల పట్టుకున్యాడు. కోడలు చూసింది, నేనూ చూసినాను. ఆయమ్మ పాలచెంబు తీసుకోని లోపలికి పోయింది.

నేను మాత్రలు డబ్బాలో వేసి మూత బిగించినాను. సంగటి గట్టిపడిపోయిండాది. మజ్జిగ పోసి, ఉప్పు వేసి, చేత్తో పిసికి నేనే తాగినాను.